ప్యాటన్ ఎడారి క్యాంపులకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

లాస్ ఏంజిలిస్ నుంచి ఫీనిక్స్‌కి ఐ-10 హైవే మీద వెళ్లే మనవాళ్లు చిరియాకో సమ్మిట్‌లో జనరల్ ప్యాటన్ మ్యూజియం దగ్గర ఆగి, ట్యాంకులతో ఫొటోలు దిగుతుంటారు. అక్కడితో ఇంటికెళ్తే ఏ గొడవా లేదు. ఆ ఊపులో అసలు క్యాంపులు కూడా చూసొద్దామని ఎడారిలోకి దిగేవాళ్ల కోసమే ఇది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా పోరాటానికి అమెరికా సైన్యాన్ని సిద్ధం చేయడానికి 1942లో జనరల్ ప్యాటన్ ఇక్కడి ఎడారిలో శిక్షణ మొదలుపెట్టాడు. 1944లో అంతా మూసేశారు. అప్పట్లో వేసినవి ఎక్కువగా డేరాలే కాబట్టి ఇప్పుడు భవనాల కోసం వెతక్కండి. ఐరన్ మౌంటెన్ క్యాంపులో దారుల వెంట పేర్చిన రాళ్లు, రాతితో కట్టిన ప్రార్థన వేదికలు మిగిలాయి. ఆ రాళ్ల వరుసల మీదుగా కారు పోనిస్తే ఇక చూడ్డానికి ఏమీ మిగలదు.

అసలు టెన్షన్ ఇనుముతోనే. నేల మీద కనిపించే తుప్పు డబ్బాలు చాలావరకు సైనికులు తిని పారేసినవే. కానీ తోక దగ్గర రెక్కలున్న గొట్టమో, ఇసుకలోంచి సగం తేలిన గుండ్రటి పళ్లెం లాంటిదో కనబడితే ముట్టుకోవద్దు, కాలితో కదపొద్దు, ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. 80 ఏళ్లు దాటినా పేలే గుండ్లు ఉంటాయి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, చోటు గుర్తు పెట్టుకుని, సిగ్నల్ అందగానే 911కి చెప్పండి. డబ్బా అయినా సరే, జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోవడం చట్టరీత్యా తప్పు.

నీళ్ల సంగతి. తక్కువ తాగి అలవాటు చేసుకోవచ్చని అప్పట్లో సైన్యంలోనే ఒక నమ్మకం ఉండేది. రోచెస్టర్ యూనివర్సిటీకి చెందిన శాస్త్రవేత్త అడాల్ఫ్ బృందం ఇదే ఎడారిలో సైనికుల మీద పరీక్షలు చేసి, అది కుదరని పని అని తేల్చింది. దాహం వేసినప్పుడు మాత్రమే తాగితే చాలదని కూడా వాళ్లే చెప్పారు. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు, కారు ఆగిపోతే పనికొచ్చేలా ఇంకాస్త పెట్టుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా అయితే అసలు వెళ్లకండి. నవంబరు నుంచి మార్చి మంచిది.

ఎండిన వాగుల్లో కారు ఆపొద్దు. ఎక్కడో కొండల్లో కురిసిన వాన ఇక్కడికి వరదై వస్తుంది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి. కారు తీసేముందు కిందికి వంగి చూడండి, నీడ కోసం ఎడారి తాబేళ్లు చేరతాయి. ఉంటే ఎత్తొద్దు. భయపడితే ఒంట్లో దాచుకున్న నీళ్లు వదిలేస్తుంది, ఆ తర్వాత అది బతకడం కష్టం. దానంతటది వెళ్లేదాకా ఆగాల్సిందే.