సింగపూర్‌లో ఉద్యోగం వచ్చిందా? కుదురుకునే పద్ధతి ఇదీ

ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో మా హాల్లో పరుపు వేసుకుని వారం పది రోజులు ఉండి వెళ్ళిన కుర్రాళ్ళు ఇరవై మందికి తక్కువ ఉండరు. ఒకడు మా పిన్ని కొడుకు, ఇంకొకడు మా ఊరి కరణంగారి మనవడు, మరొకడు ఎవరి తాలూకో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. అందరిదీ ఒకటే తంతు. కుక్కరు మూడు లీటర్లది తేవాలా ఐదు లీటర్లది తేవాలా అని నెల రోజులు వాట్సాప్‌లో బుర్ర తినేస్తారు. తీరా అద్దె అగ్రిమెంటు చేతికొస్తే మాత్రం రెండు నిమిషాల్లో సంతకం గీకేస్తారు. అది చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

బయల్దేరే ముందు

ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) మంజూరైందని చెప్పే ఐపీఏ లెటర్ ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పెట్టుకోండి. ఎస్‌జీ అరైవల్ కార్డు, అంటే దేశంలోకి వచ్చేవాళ్ళు నింపే ఫారం, విమానం దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. పైసా ఖర్చు లేదు. డబ్బులడిగే సైటు కనబడితే అది దొంగ సైటే.

సామాను గురించి ఎక్కువ చెప్పను. మిక్సీ తెచ్చుకోండి, ఇక్కడా 230 వోల్టులే. ప్లగ్గు మాత్రం మూడు చదరపు కాళ్ళది, అడాప్టర్ కావాలి. బియ్యం, పప్పులు మోసుకురావద్దు. లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్లో సోనా మసూరి నుంచి ఆవకాయ దాకా అన్నీ దొరుకుతాయి, టెక్కా మార్కెట్లో కరివేపాకు, గోంగూర కూడా. గసగసాలు మాత్రం పొట్లం కూడా పెట్టకండి, ఇక్కడ నిషేధం. అమ్మ దంచి ఇచ్చిన మసాలా పొడిలో గసాలు పడ్డాయేమో కూడా అడగండి. గుట్కా, ఖైనీ అలవాటుంటే ఊళ్ళోనే వదిలేసి రండి, అవీ నిషేధమే. స్వెటర్ ఒకటి తప్పనిసరి. భూమధ్యరేఖ పక్కన స్వెటరేమిటని నవ్వకండి, ఆఫీసు ఏసీ కింద కూర్చున్నాక తెలుస్తుంది.

మొదటి వారం

ముందు పాస్ కార్డు, దాని మీద ఉండే ఫిన్ నంబరుతో (విదేశీయులకిచ్చే గుర్తింపు నంబరు) సింగ్‌పాస్ (ప్రభుత్వ ఆన్‌లైన్ లాగిన్), సింగ్‌పాస్‌తో బ్యాంకు ఖాతా, ఖాతా తెరిచాక పేనౌ (మన యూపీఐ లాంటిది). ఈ వరస తప్పితే ప్రతి కౌంటర్లోనూ వెనక్కి పంపిస్తారు. బస్సుకీ ఎంఆర్‌టీకీ (మెట్రో రైలు) బ్యాంకు కార్డు తాకిస్తే చాలు.

పేరు సంగతి ఒకటి చెప్పాలి. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడ పడిందో, వెంకట ఎక్కడ పడిందో చూసుకోండి. అక్కడ ఏ మాట ముందుంటే ఐటీ వాళ్ళు దాంతోనే మీ ఈమెయిలు తయారు చేసేస్తారు. మా ఆఫీసులో నన్ను మూడేళ్ళు మా ఇంటిపేరుతోనే పిలిచారు. మా నాన్న ఫోన్‌లో విని, "ఎవర్రా, నన్నేనా పిలుస్తోంది?" అన్నాడు. చేరిన మొదటి రోజే హెచ్‌ఆర్‌కి చెప్పి పిలుపు పేరు పెట్టించుకోండి.

ఇల్లు: ఇక్కడ ఆగండి

ఇండియాలో కూర్చుని ఫొటోలు చూసి ఇల్లు ఖాయం చేసుకోకండి. వాట్సాప్‌లో "చాలామంది అడుగుతున్నారు, అడ్వాన్సు పంపితే తాళం ఉంచుతా" అన్నవాడు నూటికి తొంభై పాళ్ళు మోసగాడు. మొదటి పది రోజులు హోటలో, సర్వీస్డ్ అపార్ట్‌మెంటో, తెలిసినవాళ్ళ హాలో చూసుకోండి. ఏజెంటు ద్వారా వెళ్తే అతని రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సీఈఏ (ఏజెంట్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) పబ్లిక్ రిజిస్టర్‌లో సరిచూడండి. హెచ్‌డీబీ ఇల్లయితే (అదేమిటో కిందే చెప్తాను) అద్దె, డిపాజిట్ డబ్బు ఏజెంటు తన చేత్తో తీసుకోకూడదు, అది రూలు. "నా ఖాతాలో వెయ్యండి, నేను ఇస్తాలే" అంటే లేచి వచ్చెయ్యండి.

హెచ్‌డీబీ అంటే ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లు. జనంలో ఎక్కువమంది ఉండేది వాటిలోనే, మన క్వార్టర్స్‌లా చిన్నచూపు చూడక్కర్లేదు. కాండో అంటే ప్రైవేటు అపార్ట్‌మెంటు, స్విమ్మింగ్ పూలు, గేటు దగ్గర గార్డు. హెచ్‌డీబీలో ఆరు నెలలకు తక్కువ, కాండోలో మూడు నెలలకు తక్కువ అద్దెకివ్వడం చట్టరీత్యా కుదరదు. హెచ్‌డీబీ ఓనరైతే అనుమతి తీసుకుని మీ పేరు నమోదు చేయించాలి, ఆ కాగితం చూపించమనండి. స్నేహితుడి గదిలో పేరు లేకుండా సర్దుకుందామని చూసినవాళ్ళు తనిఖీ వచ్చిన రోజు పడ్డ పాట్లు నేను చూశాను.

గది చూసేటప్పుడు వాస్తు వదిలెయ్యండి. చూడాల్సింది ఒక్కటే, కిటికీ పడమటి వైపు ఉండకూడదు. ఏడాది పొడవునా సూర్యుడు పొద్దున్న ఏడు గంటల ప్రాంతంలో లేచి సాయంత్రం ఏడింటి ప్రాంతంలో పడమటనే దిగుతాడు. ఆ గోడ రాత్రి పదింటికి కూడా పెనంలా కాలుతుంది. పడమటి గది అద్దె వంద సింగపూర్ డాలర్లు తగ్గినా తీసుకోకండి, ఆ వందా కరెంటు బిల్లుకే పోతుంది.

ఇక అగ్రిమెంటు. ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి చదవండి. ఓనరు తొందరపెడితే పెట్టనివ్వండి.

మొదట వెతకాల్సింది డిప్లొమాటిక్ క్లాజ్. పేరు చూసి రాయబారులకేమో అనుకోకండి, అది మనలాంటి పాస్ మీద బతికేవాళ్ళ కోసమే. ఉద్యోగం పోయినా, కంపెనీ వేరే దేశానికి పంపినా, పాస్ రద్దయినా అగ్రిమెంటు మధ్యలో ఖాళీ చేసుకునే హక్కు అది. మామూలుగా రెండేళ్ళ అగ్రిమెంట్లలో పన్నెండు నెలలు గడిచాక రెండు నెలల నోటీసుతో వాడుకోవచ్చని రాస్తారు. అంటే ఎటు చూసినా పద్నాలుగు నెలల అద్దె మీ నెత్తినే. ఏడాది అగ్రిమెంటులో ఈ క్లాజ్ చాలామంది ఓనర్లు పెట్టరు. అడగండి. అడిగితే పోయేదేం లేదు, అడక్కపోతే మాత్రం ఉద్యోగం పోయిన రోజున మిగిలిన నెలల అద్దె కట్టి మరీ విమానం ఎక్కాలి. ఆ పక్కనే ఇంకో వాక్యం ఉంటుంది: మధ్యలో వెళ్ళిపోతే ఓనరు ఏజెంటుకిచ్చిన కమీషన్‌లో మిగిలిన కాలానికి లెక్కకట్టి మీరు తిరిగివ్వాలని. ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి.

రెండోది మైనర్ రిపేర్ క్లాజ్. ఏదైనా పాడైతే ఫలానా మొత్తం వరకు మీరు, పైది ఓనరు. ఆ మొత్తం ఎంతో చూడండి, ఏసీ గ్యాసు ఎవరి వంతో విడిగా రాయించండి. ఏసీ మూడు నెలలకోసారి సర్వీసు చేయించి రసీదు దాచమంటారు. దాచండి. ఖాళీ చేసే రోజు ముందడిగేది అదే.

మూడోది వంట. ప్రకటనలో "లైట్ కుకింగ్ అలౌడ్" అని ఉంటుంది. ఓనరు దృష్టిలో లైట్ కుకింగంటే నూడుల్స్, ఉడకబెట్టిన గుడ్డు. మన దృష్టిలో పప్పు, చారు, వేపుడు కూడా లైటే. నా మొదటి ఇంట్లో ఓనరమ్మ నాతోపాటే ఉండేది. నూనెలో ఎండుమిర్చి, ఇంగువ పడి చిటపటమనగానే ఆవిడ గదిలోంచి దగ్గు వినబడేది. తర్వాత ఒకదాని వెంట ఒకటి కిటికీలు తెరుచుకునేవి. ఆ తర్వాత ఆవిడ వంటగది గుమ్మంలో ముక్కు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "టుడే ఆల్సో?" అనేది. మూడో నెల నుంచి నేను పెరుగన్నం తిని బతికాను. కాబట్టి పోపు పెడతానని ముందే నోటితో చెప్పి, వంట చేసుకోవచ్చని కాగితం మీద రాయించండి.

సంతకమయ్యాక స్టాంపు డ్యూటీ. నాలుగేళ్ళలోపు అగ్రిమెంటుకు మొత్తం అద్దెలో 0.4 శాతం, సంతకం చేసిన 14 రోజుల్లో కట్టాలి. నెలకు 1,200 డాలర్ల గది ఏడాదికి తీసుకుంటే 57 డాలర్లు. కట్టేది అద్దెకున్నవాళ్ళే. స్టాంపు లేని అగ్రిమెంటు గొడవొస్తే కోర్టులో చెల్లదు, బద్ధకించకండి.

తాళం చేతికొచ్చిన రోజు సామాను లోపల పెట్టకముందే ఫొటోలు. గోడ మీద ప్రతి మేకు, బాత్రూమ్ టైలు మీద ప్రతి పగులు, పరుపు రెండు వైపులా. కుళాయిలన్నీ తిప్పి వీడియో తియ్యండి. ఆ రోజే ఓనరుకు ఈమెయిల్లో పంపండి, వాట్సాప్ ఒక్కటే సరిపోదు. రెండో ఇంట్లో నేనీ పని చెయ్యలేదు. వంటగట్టు తెల్లరాయి మీద రూపాయి బిళ్ళంత పసుపు మరక ఉందని నా డిపాజిట్‌లో 400 డాలర్లు కోసేశారు. నేను దిగక ముందు నుంచీ ఉన్న మరక అది. ఆధారమేదన్నారు, నోరు మూసుకున్నాను. రెండేళ్ళలోపు అగ్రిమెంట్లకు 20,000 డాలర్ల దాకా స్మాల్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కి వెళ్ళొచ్చని అప్పటికి తెలీదు. తెలిసినా ఫొటో లేకుండా వెళ్ళి ఏం చూపిస్తాను?

తేమ

వేడికి మనవాళ్ళు భయపడరు, విజయవాడ మే నెల చూసినవాళ్ళం. ఇక్కడ ఎండ 32 డిగ్రీలే, ఇబ్బందంతా తేమతోనే. తోలు బెల్టు, పెళ్ళినాటి బూట్లు నెలరోజులు బీరువాలో ఉంటే తెల్లగా బూజు పట్టేస్తాయి. పట్టుచీరలు తెచ్చుకున్నవాళ్ళు బీరువాలో తేమ పీల్చే డబ్బాలు పెట్టి, నెలకోసారి నీళ్ళు పారబొయ్యాలి. కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలవనివ్వకండి. డెంగీ దోమ కోసం ఇళ్ళలోకొచ్చి తనిఖీ చేస్తారు, లార్వా దొరికితే జరిమానా.

ఆఫీసు

పన్నెండింటికే లంచ్‌కి వెళ్ళాలి, ఒంటిగంటకు వెళ్తే హాకర్ సెంటర్లో (తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోటు) కుర్చీ దొరకదు. బల్ల మీద టిష్యూ పొట్లం ఉంటే అది కర్చీఫ్ వేసిన బస్సు సీటుతో సమానం, తియ్యకండి. తిన్నాక ట్రే మీరే పెట్టి రావాలి. "కోపీ" అంటే తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ పోసిన కాఫీ, "కోపీ సీ కొసోంగ్" అడిగితే పంచదార లేకుండా ఎవాపరేటెడ్ మిల్క్‌తో (తీపి లేని చిక్కటి డబ్బా పాలు) ఇస్తారు; మన ఫిల్టర్ కాఫీకి కొంచెం దగ్గరగా ఉండేది అదొక్కటే. మేనేజరు "కెన్" అంటే సరే అని. "కెన్ లా" అంటే మరీ సరే. "సీ హౌ" అంటే మాత్రం అవ్వదని అర్థం.

పన్ను

జీతం మొత్తం చేతికొస్తుంది, ఇక్కడ టీడీఎస్ లేదు. పాస్ మీద ఉన్నవాళ్ళకు సీపీఎఫ్ (మన పీఎఫ్ లాంటిది) కోత కూడా లేదు. మొదటి ఏడాది అందరూ రాజాల్లా ఖర్చు పెడతారు. మరుసటి ఏడాది మార్చి, ఏప్రిల్‌లో రిటర్ను వేశాక బిల్లొస్తుంది. నెలకు 6,000 జీతంతో ఏడాదంతా ఉన్న ఒంటరి మనిషికి 2,700 డాలర్ల దరిదాపుల్లో. గైరో (బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టుకుంటే వడ్డీ లేకుండా పన్నెండు వాయిదాల్లో కట్టొచ్చు. ఉద్యోగం మానేసినా, దేశం వదిలేసినా మీ కంపెనీ పన్ను క్లియరెన్స్ అయ్యేదాకా ఆఖరి జీతం ఆపి ఉంచుతుంది. అంటే ఆ నెల అద్దె, విమానం టిక్కెట్టు, షిప్పింగు ఖర్చు వేరే డబ్బుల్లోంచి రావాలి. మా హాల్లో పరుపు రెండోసారి వేసుకున్నవాళ్ళంతా ఆ నెలలో వచ్చినవాళ్ళే.