మాట లేని మంచం దగ్గర నొప్పిని చదవడం – 4వ పాఠం: రక్తంలోని జాడలు

క్రిందటి పాఠంలో నుదుటి ముడతలు, బిగుసుకున్న భుజాలు చూసి నొప్పిని పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి ల్యాబ్ రిపోర్టు చదువుదాం. స్వరపేటిక మొత్తం తీసేసిన మనిషి మెడకున్న రంధ్రంతోనే ఊపిరి తీసుకుంటాడు. అరవలేడు, పిలవలేడు. రక్తం పరీక్ష చేస్తే నొప్పి ఎంతుందో తెలిసిపోతుందని చాలామంది ఆశపడతారు. తెలియదు. రిపోర్టులో కనిపించేది ఒంటి మీద పడిన ఒత్తిడి జాడ మాత్రమే.

ముందు కార్టిసాల్, అంటే ఒత్తిడి హార్మోన్. ఆపరేషన్ దెబ్బకి మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ పంపి మూత్రపిండాల మీదున్న అడ్రినల్ గ్రంథులను కదిలిస్తుంది. కార్టిసాల్ పెరుగుతుంది, షుగరూ దాని వెంటే పెరుగుతుంది. అయితే మామూలు రోజుల్లో కూడా ఈ కార్టిసాల్ నిద్ర లేచిన అరగంటకి ఎక్కువగా, అర్ధరాత్రికి తక్కువగా ఉంటుంది. పనిలో చేరిన కొత్తలో నేను ఒకరోజు ఉదయం 8 గంటల శాంపిల్‌ని మర్నాటి సాయంత్రం శాంపిల్‌తో పోల్చి "తగ్గింది" అని రాసేశాను. తగ్గింది కార్టిసాలే, నొప్పి కాదు. టైము రాయని రిపోర్టును పోల్చకండి. మందుల చీటీ కూడా చూడండి: డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే అది సొంత కార్టిసాల్‌ని అణిచేసి, షుగర్‌ని పెంచుతుంది.

ఉమ్మిలో కూడా కార్టిసాల్, ఒత్తిడికి పెరిగే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ చూడొచ్చు. కానీ గాయం గొంతులోనే ఉన్నప్పుడు ఉమ్మిలో రక్తం కలుస్తుంది, ఆ అంకెను నమ్మడం కష్టం.

సీఆర్‌పీ వేరే కథ. ఒంట్లో వాపును చూపే ఈ ప్రొటీన్‌ని కాలేయం తయారుచేస్తుంది. ఇది ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకి బాగా పెరిగి, ఆపైన దిగాలి. దిగుతున్నది మళ్లీ ఎక్కిందంటే సర్జన్‌కి వెంటనే చెప్పండి. చీము పట్టి ఉండొచ్చు, లోపలి కుట్లు విడి ఉమ్మి మెడ చర్మంలోంచి కారుతూ ఉండొచ్చు.

ఇప్పుడు అభ్యాసం. స్వరపేటిక తీసేసిన ఇద్దరు పెద్దాయనలు, ఇద్దరికీ ఆపరేషన్ అయిన రెండో రోజు. నొప్పి ఎంతో సున్నా నుంచి పది లోపు అంకెతో రాయమన్నాం. మొదటాయన నాడి 116, బీపీ 160/90, చేతులు వణుకుతున్నాయి. పలక మీద బలపంతో "2" అని రాశారు. రెండో ఆయన నాడి 70, బీపీ మామూలే. ఆయన రాసింది "8", అదీ పలక పగిలేంత గట్టిగా.

నొప్పి మందు ముందు ఎవరికి? రెండో ఆయనకి. బీపీకి వేసుకునే మెటోప్రొలాల్ ఆయన నాడిని పట్టి ఉంచింది. మొదటాయన దగ్గర ముందు మెడ గొట్టంలో కఫం అడ్డుపడిందేమో, ఆక్సిజన్ ఎంతుందో చూడాలి. తర్వాత మూత్రం బిగపట్టిందా, జ్వరం ఉందా చూసి, ఆయన రోజూ మద్యం తాగేవారా అని ఇంటివాళ్లని అడగాలి. తాగుడు ఆగిన రెండు మూడు రోజుల్లో ఇలాంటి వణుకే వస్తుంది.

పలక మీది అంకెకే మొదటి విలువ. నోటితో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంతో పాటే రాసి పెట్టింది.

ఇంటిపని: నోట్‌బుక్‌లో ఒక పేజీకి అయిదు గళ్లు గీయండి. టైము, పలక మీది అంకె, నాడి, ఇచ్చిన మందు, అరగంట తర్వాత మళ్లీ పలక మీది అంకె. మూడు రోజులు నింపి దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో ఆ పేజీతోనే మొదలుపెడతాం.