హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు ఇల్లు అద్దెకు తీసుకునే ముందు

• ఓనర్ ఎక్కడ ఉంటారో మొదట అడగండి. ఇటువైపు చాలా ఫ్లాట్లు విదేశాల్లో ఉన్నవాళ్లవే. ఓనర్ ఎన్నారై అయితే అద్దె ఎంతైనా సరే, టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత మీదే, అదీ మామూలుగా 31.2 శాతం. ఇండియాలోనే ఉండే ఓనరైతే నెల అద్దె 50,000 దాటినప్పుడే, 2 శాతం. నోటీసు వచ్చాక టెన్షన్ పడే బదులు అగ్రిమెంట్‌కు ముందే ఆడిటర్‌తో మాట్లాడండి.

• బాత్రూమ్ కుళాయిని వేలితో తడిమి చూడండి. తెల్లగా, గరుకుగా పేరుకుని ఉంటే అది బోరు నీళ్ల ఉప్పు. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో వాచ్‌మన్‌ని అడగండి. బ్రోకర్ కన్నా ఆయన మాటే నమ్మొచ్చు.

• మెయింటెనెన్స్ చదరపు అడుగుల లెక్కన వేస్తారు. అద్దెలో కలిసిందా, వేరేనా? రాయించుకోండి.

• ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె పట్టుకునే అలవాటుంది. మేము ఆ లైను చదవకుండా సంతకం పెట్టాం, అడ్వాన్సులో అంత పోయింది. చేరిన రోజే గోడలు, తలుపులు, గీజర్ వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్‌లో పంపండి.

• స్కూల్ బస్సు గేటు దాకా వస్తుందా? ఉదయం ఏడున్నరకు ఒకసారి వెళ్లి చూడండి.