ఫలితాల రోజుకు ముందే బడిలో చేసి పెట్టుకోవాల్సినవి

పదో తరగతి ఫలితాలొచ్చే నాటికి పిల్లలు బడిలో ఉండరు. నోటీసుబోర్డు మీద హెల్ప్‌లైన్ నంబరు ఎంత పెద్దక్షరాలతో రాసినా ఆ రోజు వాళ్లకు కనిపించదు. అందుకే ఆఖరి పరీక్ష రోజున బస్సు టికెట్టంత చీటీ చేతికివ్వండి, ఫోన్ కవర్లో పెట్టుకుంటారు. దాని మీద 14416, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు అని ఉంటే చాలు. పైన 'ఆత్మహత్యల నివారణ' అని అచ్చు వేయొద్దు, ఎవరైనా చూస్తారని పారేస్తారు. 'నిద్ర పట్టట్లేదా? భయంగా ఉందా?' అంటే దాచుకుంటారు.

ఇది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. పంచేముందు టీచరే ఒకసారి చేసి చూడాలి. ముందు భాష ఎంచుకోమంటుంది, ఆ తర్వాతే మనిషి పలుకుతారు. ఈ సంగతి చెప్పకపోతే రికార్డు గొంతు వినగానే పెట్టేస్తారు.

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న అమ్మాయి మరణం కేసులో వచ్చిన తీర్పది. కౌన్సెలర్ ఇంకా రాకపోతే పిల్లలకు చనువున్న టీచర్ని ఒకరిని, ఫలితాలొచ్చే ఆ పది రోజులూ ఫోనెత్తే షరతుతో పెట్టండి. హెడ్మాస్టరే అక్కర్లేదు, చాలాచోట్ల ఆయన కాకపోతేనే మేలు.

ఫలితాల రోజున మీరు ఫోన్ చేయాల్సిన పిల్లల జాబితా ముందే రాసుకోండి. ప్రీఫైనల్లో 35 దాటనివాళ్లు అందరికీ గుర్తుంటారు. 550 వస్తాయనుకుని 480 దగ్గర ఆగినవాణ్ని ఎవరూ పట్టించుకోరు, వాణ్నీ చేర్చండి. మార్కులు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఫోన్లో 'మీ నాన్న ఎంత కష్టపడ్డాడో' అనే మాట ఎత్తొద్దు. సప్లిమెంటరీ ఫీజెంత, ఆఖరు తేదీ ఎప్పుడు, రీవెరిఫికేషన్ ఎలా అన్నవి చేతిలో పెట్టుకుని మాట్లాడండి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వేశారు. మెమోలో పడిందల్లా నిజం కాదు.

'నేను లేకపోతే మీకు హాయి' లాంటి మాట వినిపిస్తే దాటేయకండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉంటే బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పక్కనే కూర్చుని 14416కు కలపండి. 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకండి, ప్రాణం మీదికొస్తే ఇంట్లో చెప్పక తప్పదు. ఇంట్లోవాళ్లకూ ఒక మాట: పురుగుమందులు, మాత్రలు తాళంలో, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర. ఏదైనా జరిగితే వెంటనే 108. కేసవుతుందేమోనని ఆసుపత్రికి ఆలస్యం చేస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించరు.

చీటీలు ఇంకో యాభై ఎక్కువే వేయించండి. సప్లిమెంటరీ ఫలితాల వారానికీ కావాలి.