రెండు భాషల్లో వెతకనివ్వండి: లాటినో విద్యార్థులకు ఇన్ఫర్మేషన్ లిటరసీ నేర్పడం ఎలా

నేను టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. సెమిస్టర్ మొదలైందంటే ఇంగ్లిష్, చరిత్ర, నర్సింగ్ క్లాసులు వరసగా మా దగ్గరికి వస్తాయి. గంటంపావులో వాళ్ళకు సమాచారం వెతకడం, దొరికినదాన్ని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం, వాడుకున్నదానికి మూలం చెప్పడం నేర్పాలి. దీన్నే మా వృత్తిలో ఇన్ఫర్మేషన్ లిటరసీ అంటాం. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది లాటినో పిల్లలే, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాలవాళ్ళు. ఇలాంటి కాలేజీల్లో కొత్తగా చేరిన మన తెలుగువాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది. పిల్లలకు ఏం వచ్చో అక్కడ మొదలుపెట్టండి. ఇంట్లో విన్న స్పానిష్, అమ్మమ్మ చెప్పిన సంగతులు, బంధువుల పనిపాటలు ఇవన్నీ పరిశోధనకు నిజంగా పనికొస్తాయి. అదెలాగో చేసి చూపించడమే మన పని.

ముందు మీ ఎదుట కూర్చున్నది ఎవరో తెలుసుకోండి. పూర్తికాల లెక్కన డిగ్రీ విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్నవాళ్ళు) అయిన కాలేజీలను ఫెడరల్ ప్రభుత్వం హిస్పానిక్ సర్వింగ్ ఇన్‌స్టిట్యూషన్లుగా గుర్తిస్తుంది. అది కాగితం మీది గుర్తింపు. క్లాసులోకి వస్తే ఒకరు మెక్సికన్ అమెరికన్ అంటారు, ఒకరు తెహానో (టెక్సస్‌లోని మెక్సికన్ మూలాలవాళ్ళు) అంటారు, ఇంకొకరు చికానా (మెక్సికన్ అమెరికన్ ఆడవాళ్ళు ఆత్మగౌరవంతో పెట్టుకున్న పేరు) అంటారు, ఒకబ్బాయి హోండురాస్ నుంచి వచ్చి ఇంకా కుదురుకుంటూ ఉంటాడు. శాన్ ఆంటోనియో 1718లో స్పెయిన్ పాలనలో వెలసిన ఊరు. టెక్సస్ అమెరికాలో కలిసింది 1845లో. అంటే కొన్ని కుటుంబాలు అమెరికా ఇక్కడికి రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నాయి. వాళ్ళను వలస వచ్చినవాళ్ళ కింద జమకట్టి మాట్లాడితే ఆ క్లాసు ఇక మీ మాట వినదు.

ఇంకో సంగతి. అందరికీ స్పానిష్ వచ్చనుకోకండి. 1918లో టెక్సస్ చట్టం చేసి బడుల్లో ఇంగ్లిష్ తప్ప వేరే భాషలో పాఠం చెప్పడాన్ని నేరంగా మార్చింది. స్పానిష్ మాట్లాడినందుకు బడిలో దెబ్బలు తిన్న తరాలు తమ పిల్లలకు ఆ భాష నేర్పలేదు. ఈనాటి మనవలకు భాష రాదు, రాలేదన్న బాధ మాత్రం ఉంది. అందుకే "నీకు స్పానిష్ వచ్చు కదా, ఇది చదువు" అని ఎవరినీ లేపకండి. "ఎవరికైనా వేరే భాషలో దీన్ని ఏమంటారో తెలిస్తే చెప్పండి" అని క్లాసు మొత్తాన్ని అడగండి. చెప్పగలిగినవాళ్ళు చెప్తారు, మిగతావాళ్ళ మనసు నొచ్చుకోదు.

ఇక తయారీ. ప్రొఫెసర్ "లైబ్రరీ టూర్ ఇప్పించండి" అని ఈమెయిల్ పెడితే ఒప్పుకోకండి. అసైన్‌మెంట్ కాగితం పంపమనండి. ఎన్ని మూలాలు కావాలి, స్పానిష్ మూలాలు చెల్లుతాయా, ఇంటర్వ్యూలు చెల్లుతాయా, ఈ మూడూ రాతపూర్వకంగా తెలుసుకోండి. చాలామంది ప్రొఫెసర్లు రెండోదాని గురించి ఎప్పుడూ ఆలోచించి ఉండరు. మీరు అడిగితే సరేనంటారు. ఆ "సరే"ను క్లాసులో బోర్డు మీద రాయండి. దాని విలువ పిల్లల మొహాల్లోనే కనిపిస్తుంది.

ఉదాహరణను మీ ఊరి నుంచే తీసుకోండి. నేను ఎక్కువగా 1938 నాటి పీకాన్ సమ్మె తీసుకుంటాను. పీకాన్ అంటే ఇక్కడ విరివిగా పండే గింజ, చూడడానికి వాల్‌నట్‌లా ఉంటుంది. ఊరి పడమటి వైపు గాలి ఆడని షెడ్లలో వేలమంది, ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్ ఆడవాళ్ళు, చేత్తో ఆ గింజలు ఒలిచేవాళ్ళు. కూలి కోసేసరికి 1938 జనవరి 31న పని ఆపేశారు. వాళ్ళ ముందు నిలబడ్డ ఎమ్మా తెనాయుకాకు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు.

క్లాసు ఇలా నడుస్తుంది. మొదటి పది నిమిషాలు కంప్యూటర్ ముట్టుకోనివ్వను. బోర్డు మీద ఒక ప్రశ్న రాస్తాను: ఆ సమ్మె గురించి అప్పటి పత్రికలు ఏం రాశాయి? దీన్ని వెతకడానికి ఏ మాటలు టైపు చేస్తారని అడుగుతాను. "పీకాన్ స్ట్రైక్" అని ఎవరో అంటారు. ఎడమవైపు రాస్తాను. "వర్కర్స్", "లేబర్", "యూనియన్" వస్తాయి. కుడివైపు ఖాళీగా వదిలి, వేరే భాషలో ఏమంటారని అడుగుతాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి, ఆగండి. ఒకసారి వెనక వరసలో, సెమిస్టర్ అంతా నోరు విప్పని అమ్మాయి "ఉయెల్గా" అంది. సమ్మె అన్నమాట. వాళ్ళ నాన్న గోదాములో పనిచేస్తాడట, ఇంట్లో ఆ మాట వినీ వినీ అలవాటట. పక్కనున్న అబ్బాయి "నుయెసెరాస్ అని కూడా వెతకాలి, గింజలు ఒలిచే ఆడవాళ్ళని అలాగే అంటారు" అన్నాడు. ఆ రెండు మాటలూ ఏ డేటాబేస్ సహాయ పేజీలోనూ దొరకవు.

అప్పుడు కంప్యూటర్లు తెరిపించండి. ఒకే అర్థం వచ్చే మాటల మధ్య ఆర్ (OR), వేర్వేరు భావాల మధ్య ఆండ్ (AND) పెట్టడం ఇక్కడే నేర్పాలి. ఎడమ మాట, ఆర్, కుడి మాట. ఈ ఆర్, ఆండ్‌ల పద్ధతినే బూలియన్ అంటారు, దాని సూత్రాల మీద స్లైడ్లు అక్కర్లేదు, బోర్డు మీది రెండు నిలువు వరసలే పాఠం చెప్తాయి. పాత పత్రికలను స్కాన్ చేసిన సాఫ్ట్‌వేర్ స్పానిష్ అక్షరాల మీది గుర్తులను తరచూ తప్పు చదువుతుంది. కాబట్టి గుర్తుతో ఒకసారి, గుర్తు లేకుండా ఒకసారి వెతకమనండి. ఇంకొకటి చెప్పండి: అప్పటి ఇంగ్లిష్ పత్రికలు ఇక్కడే పుట్టి పెరిగిన అమెరికా పౌరులను కూడా ఉత్త "మెక్సికన్స్" అనే రాసేవి. ఏ కాలం కాగితంలో వెతికితే ఆ కాలం మాటలు టైపు చేయాల్సిందే.

తర్వాత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టించండి. ఒకటి ఆనాటి ఇంగ్లిష్ పత్రిక, రెండోది ఇగ్నాసియో లొసానో 1913లో ఇదే ఊళ్ళో పెట్టిన స్పానిష్ పత్రిక లా ప్రెన్సా. ఎవరి మాటలు ఉటంకించారు? ఎవరికి పేరుంది, ఎవరికి లేదు? ఎంతమంది పని ఆపేశారన్నారు? తరచూ కనిపించే అంకె దాదాపు పన్నెండు వేలు, కానీ అన్నిచోట్లా ఒకే అంకె ఉండదు. ఎందుకు తేడా వచ్చిందో పిల్లలే తవ్వాలి. కాలేజీ లైబ్రేరియన్ల సంఘం ఏసీఆర్ఎల్ 2016లో ఆమోదించిన ఇన్ఫర్మేషన్ లిటరసీ ఫ్రేమ్‌వర్క్‌లో ఆరు సూత్రాలున్నాయి. ఏ మూలానికి ఎంత ప్రామాణికత ఉందన్నది సందర్భాన్ని బట్టి ఉంటుందనేది వాటిలో ఒకటి. ఆ ఆరింటినీ చదివి వినిపిస్తే క్లాసు నిద్రపోతుంది. రెండు పత్రికలు చేతిలో పెడితే ఆ సూత్రం వాళ్ళ నోటే వస్తుంది.

ఎవరైనా "మా ముత్తవ్వ ఆ షెడ్లలో పనిచేసింది" అంటే, కథ బాగుందని మెచ్చుకుని వదిలేయకండి. అది మూలం. ఎలా రికార్డు చేయాలి, ఎవరి అనుమతి తీసుకోవాలి, వ్యాసంలో ఎలా చూపాలి, అచ్చులో ఉన్నదానితో ఎలా సరిపోల్చాలి అన్నది నేర్పండి. అరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్, నార్మా గొన్సాలెస్ తదితరులు టీచర్లతో కలిసి మెక్సికన్ కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి చూశారు. వ్యవసాయం, గనులు, వ్యాపారం, మందుల గురించి ఆ ఇళ్ళలో ఎంత జ్ఞానం ఉందో, బడి దాన్ని ఎంత పట్టించుకోవడం లేదో 1992లో రాశారు. లైబ్రరీలకూ ఆ మాట వర్తిస్తుందని నా నమ్మకం.

కేటలాగ్‌ను దైవవాక్యంలా చూపించకండి. లాటినో అని టైపు చేసి పుస్తకాలు లేవనుకునే పిల్లలకు "హిస్పానిక్ అమెరికన్స్", "మెక్సికన్ అమెరికన్స్" అనే విషయ శీర్షికలు చూపించండి. ఆ వెంటనే అవి మనుషులు పెట్టినవేనని కూడా చెప్పండి. "ఇల్లీగల్ ఏలియన్స్" (చట్టవిరుద్ధ విదేశీయులు) అనే శీర్షిక మార్చాలని డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు 2014లో కదిలారు. ఈ శీర్షికలను నిర్ణయించే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2016లో మారుస్తామంది, చట్టసభలో కొందరు అడ్డుపడ్డారు, చివరికి 2021లో మార్పు నిర్ణయమైంది. తమలాంటి విద్యార్థులే కేటలాగ్‌ను కదిలించారని తెలిశాక పిల్లలు ఆ తెరను చూసే తీరు మారుతుంది.

నర్సింగ్, పబ్లిక్ హెల్త్ క్లాసులకు సియెలో, రెదాలిక్ తెరిచి చూపించండి. మొదటిది 1997లో బ్రెజిల్‌లో మొదలైంది, రెండోది మెక్సికోలో నడుస్తుంది. రెండింట్లోనూ లాటిన్ అమెరికా పరిశోధనా పత్రికలు ఉచితంగా చదవొచ్చు. మధుమేహం మీద రాసే విద్యార్థికి మెక్సికోలో జరిగిన అధ్యయనాలు అక్కడ దొరుకుతాయి. స్పానిష్ చదవలేనివాళ్ళు కూడా భయపడక్కర్లేదు, చాలా వ్యాసాలకు ఇంగ్లిష్ సారాంశం ఉంటుంది. కాలేజీ వదిలాక మన ఖరీదైన డేటాబేసులు వాళ్ళకు అందవు, ఇవి అందుతాయి. కమ్యూనిటీ కాలేజీలో ఇది చిన్న విషయం కాదు.

వాట్సాప్ సంగతికి పదిహేను నిమిషాలు కేటాయించండి. మన ఇళ్ళలో పెదనాన్నలు పంపే తెలుగు ఫార్వర్డ్‌లు ఎలాంటివో, వాళ్ళ తీయాలు (స్పానిష్‌లో తీయా అంటే అత్త, పిన్ని), ఇతర పెద్దలు పంపే స్పానిష్ ఫార్వర్డ్‌లూ అలాంటివే. ఆన్‌లైన్ సమాచారాన్ని సరిచూసుకోవడం నేర్పే మైక్ కాల్‌ఫీల్డ్ చెప్పిన నాలుగు అడుగులు ఇక్కడ చక్కగా సరిపోతాయి: ఆగు, ఎవరు చెప్పారో చూడు, ఇంకా మంచి కథనం వెతుకు, మొదటి మూలం దాకా వెళ్ళు. ఆఖరున ఒక పని ఇవ్వండి: పంపినవాళ్ళ గౌరవం తగ్గకుండా ఇంట్లో దీన్ని ఎలా చెప్తావో రెండు వాక్యాలు రాయి. అత్తకు "నువ్వు పంపింది అబద్ధం" అని ఏ పిల్లా అనలేదు. "తీయా, డాక్టర్లు దీని గురించి ఇంకోలా అంటున్నారు, చూస్తావా?" అని ఒకమ్మాయి రాసింది. నేను అంతకంటే బాగా చెప్పలేను.

సైటేషన్, అంటే మూలం చూపే పాఠంలో పేర్ల దగ్గర ఆగండి. స్పానిష్ ఆచారంలో తండ్రి వైపు ఇంటిపేరు, తల్లి వైపు ఇంటిపేరు రెండూ ఉంటాయి. గాబ్రియేల్ గార్సియా మార్కెస్ పుస్తకం "మార్కెస్" కింద దొరకదు, "గార్సియా మార్కెస్" కింద ఉంటుంది. ఆటోమేటిక్ సైటేషన్ పరికరాలు తరచూ చివరి మాట ఒక్కటే పట్టుకుంటాయి, చేత్తో సరిదిద్దడం నేర్పండి. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు అమెరికన్ ఫారాలతో పడే తిప్పలు తెలుసు కనుక దీన్ని ఓపిగ్గా చెప్పగలం. పిల్లల పేర్లు కూడా రెండు ఇంటిపేర్లతో హాజరు పట్టీలో ఎలా ఉన్నాయో అలాగే పలకండి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్తున్నాను. వలస చట్టాల మీద అభ్యాసం చేయించేటప్పుడు ఎవరి కుటుంబ పరిస్థితినీ అడగకండి, తమంతట చెప్పినా దాన్ని అందరి ముందూ పొడిగించకండి. పక్కనే కాగితాలు లేని ఇంటి బిడ్డ కూర్చుని ఉండొచ్చు. విషయాల జాబితా మీరే ఇచ్చి, ఎంచుకునే స్వేచ్ఛ వాళ్ళకు వదిలేయండి.

క్లాసు అయ్యాక "డౌట్లుంటే రండి" అంటే రారు. చాలామంది వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాళ్ళు. రిఫరెన్స్ డెస్క్ దగ్గరికి వెళ్ళి అడగడమంటే పెద్దవాళ్ళ పని చెడగొట్టడమని అనుకుంటారు. పగలు ఉద్యోగం, సాయంత్రం తమ్ముళ్ళను చూసుకోవడం వేరే ఉంటుంది. సాయంత్రం ఆరు తర్వాత ఫోన్‌లో మాట్లాడే వీలు ఇవ్వండి. చెల్లెల్ని వెంటబెట్టుకుని వస్తే రెండో కుర్చీ వేయండి.

ఆఖరి ఐదు నిమిషాల్లో తలా ఒక చిన్న కార్డు ఇవ్వండి. ఏ మాటతో వెతికితే ఫలితం దొరికింది, ఏ భాషలో, ఇంకా దొరకనిది ఏమిటి, ఇంతే రాయాలి. స్పానిష్‌లో రాసినా, రెండూ కలిపి రాసినా తీసుకోండి. ఇంకా దొరకలేదని రాసినవాళ్ళకు ఆ వారంలోనే పేరుపేరునా ఈమెయిల్ పెట్టండి: నువ్వు వెతుకుతున్నదానికి ఇదిగో ఒక వ్యాసం, గురువారం సాయంత్రం అరగంట ఖాళీగా ఉన్నాను, ఫోన్ చేస్తావా, వస్తావా? కొత్త మాటలు దొరికిన కార్డులను పక్కన పెట్టుకుని, లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఆ విషయానికి ఉండే సబ్జెక్ట్ గైడ్ పేజీలో ఇంగ్లిష్ మాటల పక్కనే స్పానిష్ మాటలూ చేర్చండి.