వీసా గడువు వేరు, బస గడువు వేరు: అమెరికాలో పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండబోయే విశాఖ తల్లిదండ్రులకు

విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో, నేవల్ డాక్‌యార్డులోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో పనిచేసి పదవీ విరమణ పొందిన ఎందరో తల్లిదండ్రులు కూతురి పురుడుకో, మనవల్ని చూసుకోవడానికో అమెరికా వెళ్లి నెలల తరబడి ఉండి వస్తున్నారు. వీరికి సాధారణంగా దొరికేది బి1/బి2 సందర్శక వీసా. భారతీయులకు దీన్ని ఎక్కువగా పదేళ్ల కాలానికి, ఎన్నిసార్లయినా వెళ్లివచ్చే వీలుతో ఇస్తారు. పాస్‌పోర్టులో ఆ పదేళ్ల తేదీ చూసి, అన్నాళ్లూ అక్కడ ఉండవచ్చునని అనుకునేవారు ఇప్పటికీ కనిపిస్తున్నారు. ఆ తేదీ అమెరికా విమానాశ్రయం దాకా వెళ్లి ప్రవేశం కోరడానికి ఉన్న గడువు మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో, దిగిన రోజున ఇమ్మిగ్రేషన్ కౌంటరు దగ్గరి అధికారి నిర్ణయిస్తారు. ఆయన నమోదు చేసే రికార్డు పేరే ఐ-94. ప్రయాణం మొత్తాన్ని ఆ రికార్డులోని తేదీ చుట్టూ అల్లుకోవాలి.

ముందుగా పాస్‌పోర్టు సంగతి చూసుకోవాలి. దాని గడువు దగ్గరపడి ఉంటే, ఆరు నెలలు ఇవ్వదలచిన అధికారి కూడా పాస్‌పోర్టు ముగిసే తేదీ వరకే బసకు అనుమతించే అవకాశం ఉంది. కనుక టికెట్లు కొనకముందే మర్రిపాలెం ప్రాంతీయ కార్యాలయం పరిధిలో దరఖాస్తు చేసి కొత్తది తీసుకోవడం మేలు. పాత పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ఉంటే భయపడనక్కరలేదు. ఆ వీసా పేజీ చెడిపోకుండా ఉన్నంతవరకు, పాతదీ కొత్తదీ రెండూ వెంట తీసుకువెళితే సరిపోతుంది.

పేర్ల విషయంలో మన తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరంతా ఒకే గడిలో రాయించుకున్నవారు చాలామంది ఉన్నారు. అటువంటివారికి అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలో పడి, సొంత పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంత పేరు తెలియదు) అనే మూడక్షరాలు వస్తాయి. అది తప్పు కాదు, వారి పద్ధతే అంత. అయితే తర్వాత ఐ-94 వెతికేటప్పుడు పేరు వీసాలో ఉన్నట్టే కొట్టాలన్నది గుర్తుండాలి. పాస్‌పోర్టు ఎలాగూ కొత్తగా తీసుకుంటున్నవారు ఇంటిపేరును విడిగా, పూర్తిగా నమోదు చేయించుకుంటే ముందుముందు శ్రమ తగ్గుతుంది.

వీసా కోసం ఆన్‌లైన్‌లో ఇచ్చే డీఎస్-160 దరఖాస్తును ఇంటినుంచే నింపవచ్చు గాని, వేలిముద్రలకూ ఇంటర్వ్యూకూ మన జిల్లాలవారు హైదరాబాద్ వెళ్లాలి. కాన్సులేటు 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి దిగి నేరుగా ఇంటర్వ్యూకు పరుగెత్తడం కంటే, పెద్ద వయసువారు ఒక రోజు ముందుగా చేరుకోవడమే మంచిదని నా సలహా. అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, దరఖాస్తు చేసిన ప్రతివారూ అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నారన్న ఊహతోనే అధికారి మొదలుపెడతారు. ఆ ఊహ నిజం కాదని చూపవలసిన బాధ్యత మనది. ఇక్కడి ఇల్లు, పింఛను, మిగతా సంతానం, తిరిగివచ్చి చూసుకోవలసిన పనులు, ఇవన్నీ సూటిగా, నిజంగా చెప్పాలి. ఏజెంటు బట్టీ పట్టించిన జవాబులకన్నా, తెలుగులో మాట్లాడతామని చెప్పి తమ మాటల్లో చెప్పిన నిజమే ఎక్కువ పనిచేస్తుంది. ఫారంలో రాసినదానికీ నోటితో చెప్పినదానికీ తేడా రాకూడదు.

అమెరికాలో దిగినప్పుడు ఎందుకు వచ్చారు, ఎన్నాళ్లుంటారు అని అడుగుతారు. తిరుగు టికెట్టు, పిల్లల చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసి చేతిలో ఉంచుకోవాలి. సందర్శకులకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు గాని, అది హక్కు కాదు. ఇల్లు చేరిన ఒకటి రెండు రోజుల్లో కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వారి ఐ-94 వెబ్‌సైటులో తేదీ చూసి, ప్రతి తీసుకుని దాచుకోవాలి. విమానంలో వచ్చేవారికి ఈ రికార్డు 2013 నుంచి కాగితం కాకుండా ఎలక్ట్రానిక్‌గానే ఉంటోంది కాబట్టి, అక్కడ చూసుకుంటేనే కచ్చితంగా తెలుస్తుంది. పేరులోనో తేదీలోనో పొరపాటు కనిపిస్తే వెంటనే సరిచేయించుకోవాలి. తిరుగు టికెట్టును ఆ ఆఖరి తేదీకి కొన్ని రోజుల ముందుకే పెట్టుకోవాలి. విమానం రద్దయినా, జ్వరం వచ్చినా ఆ కొన్ని రోజులే ఆదుకుంటాయి.

అంతకన్నా ఎక్కువ ఉండవలసిన అవసరం నిజంగా ఏర్పడితే, ఐ-539 ఫారంతో గడువు పొడిగింపు కోరవచ్చు. దరఖాస్తు ఐ-94 గడువు ముగియకముందే చేరాలి. కనీసం 45 రోజుల ముందు పంపమని ఇమ్మిగ్రేషన్ శాఖ చెబుతుంది. భార్యాభర్తలు ఒకే దరఖాస్తులో చేరవచ్చు. ఎందుకు ఉండవలసి వచ్చింది, ఖర్చు ఎవరు భరిస్తారు, ఎప్పుడు తిరిగి వెళతారు అన్నవాటికి ఆధారాలు జతచేయాలి. వైద్యపరమైన కారణం ఉంటే డాక్టరు ఉత్తరం బలమైన ఆధారం. మరికొన్నాళ్లు ఉంటే బాగుంటుందన్న కోరిక ఒక్కటే కారణమైతే మాత్రం పొడిగింపు జోలికి వెళ్లవద్దనే చెబుతాను. వచ్చేసారి ప్రవేశం కోరినప్పుడు అది ప్రశ్నగా మారవచ్చు. కొన్నాళ్లు కెనడాకో మెక్సికోకో వెళ్లివస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయని చెప్పే మాటను కూడా నమ్మకూడదు. అటువంటి చిన్న ప్రయాణం తర్వాత పాత గడువుతోనే లోపలికి పంపవచ్చు.

గడువు దాటి ఉండిపోవడం ఎంత ప్రమాదమో పిల్లలు కూడా తెలుసుకోవాలి. ఒక్క రోజు దాటినా, అప్పటిదాకా చేతిలో ఉన్న పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. అనుమతి లేకుండా 180 రోజులకు మించి ఉండి బయటికి వస్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్లు మళ్లీ ప్రవేశం ఉండదు. మనవల బాల్యంలో పదేళ్లు మళ్లీ రావు.

పిల్లలు కెనడాలో పౌరులుగానో శాశ్వత నివాసులుగానో ఉన్నవారికి దారి సులువు. అక్కడి సూపర్ వీసాతో తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఒక్కో రాకలో ఐదేళ్ల వరకు ఉండవచ్చు. పిల్లల ఆదాయం నిర్ణీత స్థాయిలో ఉండాలి, కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా చూపాలి.

అమెరికా వీసాకు బీమా తప్పనిసరి కాదు. అయినా అది లేకుండా పెద్దవారిని పంపకూడదు, ఎందుకంటే అక్కడి పెద్దవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ సందర్శకులకు వర్తించదు. బీపీ, షుగరు వంటి ముందునుంచి ఉన్న జబ్బుల విషయంలో చాలా పాలసీలు హఠాత్తుగా ముదిరిన సందర్భాలకే, అదీ ఒక పరిమితి వరకే చెల్లిస్తాయి. వయసు పెరిగేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది. పాలసీలో ఈ వివరాలున్న ఆ ఒక్క పేజీ చదివాకే డబ్బు కట్టాలి.

పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ మరువకూడదు. కేంద్ర పింఛనుదారులు నవంబరులో ఇవ్వాలి. ఈపీఎఫ్ పింఛను వారు ఏడాదిలో ఎప్పుడిచ్చినా పన్నెండు నెలలు చెల్లుతుంది కనుక, బయలుదేరే ముందే జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) ద్వారా ఇచ్చి వెళ్లడం తేలిక. బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి సిమ్‌కు రోమింగ్ పెట్టించుకోవాలి.

తిరిగివచ్చాక బోర్డింగ్ పాసును, పాస్‌పోర్టులో భారత ప్రవేశ ముద్ర ఉన్న పేజీ నకలును దాచి ఉంచాలి. అమెరికా రికార్డులో మీ నిష్క్రమణ నమోదు కాకపోతే సమయానికి వెళ్లిపోయినట్టు చూపే ఆధారం అదే. మళ్లీ ఎన్నాళ్లకు వెళ్లాలన్నదానికి చట్టంలో లెక్క లేదు. అక్కడ ఉన్నన్ని నెలలైనా ఇక్కడ ఉండి వెళితే, మీ ఇల్లు విశాఖలోనే ఉందని అధికారికి వేరే చెప్పనవసరం ఉండదు.