ఫోన్ పాఠాలు – 5: వెనక నడిచే యాప్‌లలో దేనికి ఎంత వదలాలి?

పోయిన పాఠంలో ర్యామ్‌కీ (తెరిచిన యాప్‌లు ఉండే తాత్కాలిక చోటు) స్టోరేజీకీ (యాప్‌లు, ఫొటోలు దాచి ఉంచే చోటు) తేడా చూశాం. ఈసారి తెర మీద కనబడకుండా పనిచేసే యాప్‌ల సంగతి. ఆండ్రాయిడ్ 12 గానీ ఆపై వెర్షన్ గానీ ఉన్న ఫోన్ చేతిలో పెట్టుకుని చదవండి.

ముందు ఒక అలవాటు మానాలి. గంటకోసారి రీసెంట్స్ (ఈమధ్య తెరిచిన యాప్‌ల వరుస) తెరిచి 'క్లియర్ ఆల్' నొక్కడం. ఆ వరుసలో కనిపించేవన్నీ నడుస్తున్నవి కావు. చాలావరకు ర్యామ్‌లో చోటు పట్టుకుని ఊరికే ఉంటాయి. చోటు చాలనప్పుడు ఎక్కువసేపటి నుంచి ముట్టనివాటిని ఆండ్రాయిడే తీసేస్తుంది. మనం తీసేస్తే మళ్లీ తెరిచినప్పుడు యాప్ స్టోరేజీ నుంచి కొత్తగా ఎక్కాలి. మాటిమాటికీ తెరిచే వాట్సాప్‌కి ఇలా చేస్తే బ్యాటరీ ఆదా కాకపోగా అదనంగా ఖర్చవుతుంది. యాప్ బిగుసుకుపోతే మాత్రం పైకి తోసేయండి, దానికే ఆ సదుపాయం.

మరి ఛార్జింగ్ తినేవి ఏవి? లొకేషన్ అడుగుతూ ఉండేవి, ఫొటోలు అప్‌లోడ్ చేసేవి, పాటలు వినిపించేవి. రాత్రి సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్ తెరవండి. జాబితాలో పైనున్న యాప్ పేరు నొక్కితే తెర మీద ఎంతసేపు, వెనక ఎంతసేపు నడిచిందో విడివిడిగా చూపిస్తుంది. పాటల యాప్ వెనక రెండు గంటలు నడవడం సహజం. షాపింగ్ యాప్ నడిస్తే మాత్రం పట్టుకోవాల్సిందే.

ఇప్పుడు ఆ యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టి, యాప్ ఇన్ఫోలో బ్యాటరీ తెరవండి. అన్‌రిస్ట్రిక్టెడ్ (వెనక అడ్డు లేకుండా నడవనిస్తుంది), ఆప్టిమైజ్డ్ (వాడకాన్ని బట్టి ఫోనే సర్దుతుంది), రిస్ట్రిక్టెడ్ (వెనక నడవడాన్ని బాగా కట్టడి చేస్తుంది) అని మూడు ఉంటాయి. కొన్ని కొత్త వెర్షన్లలో 'అలో బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్' అనే స్విచ్ ఉంటుంది. అది ఆపితే రిస్ట్రిక్టెడ్ కిందే లెక్క.

మెసేజ్‌ల యాప్‌లను ఆప్టిమైజ్డ్‌లోనే ఉంచండి. ఫోన్ కదలకుండా, తెర ఆరిపోయి ఉన్నప్పుడు యాప్‌ల నెట్ వాడకాన్ని ఆపి ఉంచే డోజ్ పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6తోనే వచ్చింది. యాప్ సర్వర్ అత్యవసరంగా గుర్తు పెట్టి పంపిన సందేశం అప్పుడు కూడా ఫోన్‌ను లేపగలదు. అందుకే వాట్సాప్ కాల్ అర్ధరాత్రి కూడా మోగుతుంది. గేములు, షాపింగ్, వార్తల యాప్‌లు రిస్ట్రిక్టెడ్‌కి. అన్‌రిస్ట్రిక్టెడ్ మాత్రం చాలా పొదుపుగా ఇవ్వాలి: నడక లెక్కపెట్టే యాప్, గ్లూకోజ్ సెన్సర్ యాప్, కొట్టులో డబ్బు పడగానే పైకి చదివే వ్యాపారుల యాప్. ఈ చివరిదాన్ని పొరపాటున రిస్ట్రిక్టెడ్‌లో పెడితే డబ్బు ఖాతాలో పడుతుంది గానీ గొంతు వినబడకపోవచ్చు. కొనుగోలుదారు ఎదురుగా నిలబడి ఉండగా గొడవ అక్కడే మొదలవుతుంది.

యాప్ ఇన్ఫోలోనే ఉండే 'ఫోర్స్ స్టాప్' ఇంకా కఠినం. మీరు మళ్లీ తెరిచేదాకా ఆ యాప్‌కి అలారాలు, సందేశాలు ఏవీ అందవు. కొన్ని కంపెనీల ఫోన్లలో రీసెంట్స్ నుంచి తోసేసినా ఇదే జరుగుతుంది. నోటిఫికేషన్లు రావడం లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

2, 3 జీబీ ర్యామ్ ఫోన్లలో ఇంకో ఇబ్బంది. ఫీజు కడుతూ ఓటీపీ కోసం మెసేజ్‌లలోకి వెళ్లి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటికొస్తుంది. వెనక్కి వెళ్లిన బ్రౌజర్ పేజీని ర్యామ్ కోసం ఫోన్ వదిలేసిందన్నమాట. పైనుంచి నోటిఫికేషన్ పట్టీ లాగి అక్కడే అంకెలు చూసుకోండి, బ్రౌజర్ వదలొద్దు. కట్టబోయే ముందు గేమ్, కెమెరా మూసేయండి. ఇక్కడ మూయడం నిజంగా పనికొస్తుంది.

అభ్యాసం: ఈ రాత్రి జాబితాలో మూడే మూడు యాప్‌లను రిస్ట్రిక్టెడ్‌కి మార్చండి. పేర్లు కాగితం మీద రాసుకుని రెండు రోజులు వాడండి. రావలసిన కబురు ఏదైనా ఆగితే ఆ ఒక్కదాన్ని తిరిగి ఆప్టిమైజ్డ్‌కి తెచ్చాకే నాలుగోదాని జోలికి వెళ్లండి.